సున్నం పూసిన పద్నాలుగు రాళ్లు

ప్రతి శుక్రవారం పొద్దున శాంతమ్మ ముప్పై ఆరు రాళ్లకు సున్నం వేస్తుంది. వాటిలో పద్నాలుగు ఆమెవే.

పాన్‌గల్ ఊరు దాటాక ఒక గుట్ట మీద చదునైన బండ ఉంది. ఊళ్ల వెలుతురు అక్కడికి అందదు. కాలేజీ లెక్చరర్ నాగేశ్ ఆ బండ మీద చుక్కలు చూసే కేంద్రం పెట్టాడు. అక్కడ టార్చి వేయకూడదు, చీకటికి అలవాటు పడిన కళ్లు చెదురుతాయి. అందుకే దారికి రెండు పక్కలా తెల్ల రాళ్లు. ఊడ్చేది, వచ్చినవాళ్లకు వండిపెట్టేది శాంతమ్మ.

గుట్ట కింద ఆమెకు ఎకరం భూమి, అంటే నలభై గుంటలు, ఉంది. భర్త జాన్‌తో పదకొండేళ్లు పుణె వైపు మట్టిపనికి తిరిగింది. అతను పోయాక ఇక వలస వెళ్లనని ఆ ఎకరాన్నే నమ్ముకుంది. బోరు ఎండి ఈ యాసంగి పంట వేయక బీడు పెట్టింది. అది సర్కారు ఇచ్చిన భూమి. సర్వే నక్షలో అందరికీ పంచిన పాతికెకరాలూ ఒకటే ముక్క. ఎవరి చేను ఎక్కడిదాకా అన్నది గెట్టు మీద పాతిన రాళ్లే చెప్పాలి. ఆమె గెట్టు రాళ్లు మామ ఉలితో చెక్కించినవి.

డిసెంబరులో తుఫాను వాన మూడు రోజులు కురిసింది. పైన రేకుల షెడ్డు కూలింది, దారి కోసుకుపోయింది. కింద శాంతమ్మ గెట్టు కరిగిపోయింది. రాళ్లు ఒరిగాయి గానీ వరుసలోనే ఉన్నాయి.

ఆదివారం ఇరవై ఇద్దరు వాలంటీర్లు వచ్చారు. రేకులు ఏరారు, ముళ్లకంప నరికారు. కొట్టుకుపోయిన దారి రాళ్లను వెతుకుతూ కిందికి దిగితే ఒకే పొడవున్నవి పద్నాలుగు దొరికాయి. సున్నం వానకు పోయిందనుకున్నారు. పైకి మోసి, పేర్చి, ఫొటోలు దిగారు. శాంతమ్మ అప్పుడు షెడ్డు వెనక వాళ్లకోసమే ఉప్మా కలుపుతోంది.

ఆ వారమంతా ఆమె గుట్ట మీదే బురద ఎత్తిపోసింది. శుక్రవారం సున్నం వేస్తుంటే ఉలి గాటు చేతికి తగిలింది. లేచి కిందికి చూసింది. పక్క చేను జంగయ్య ట్రాక్టర్ అప్పటికే దున్నిపోయింది.

“జంగన్నా, నా గెట్టు దాటినవు.”

“ఏ గెట్టు? నాకైతే అవుపడలే. నీ చుక్కల సార్లనడుగు. ఆకాశంల ఏది యాడున్నదో చెప్పెటోళ్లు, గింత గెట్టు చెప్పరా?”

నాగేశ్ తప్పు ఒప్పుకున్నాడు. “అన్నీ ఒక్క సైజున్నయని పిల్లలు ఎత్తుకొచ్చిన్రు అక్కా. యాడ పాతాల్నో చూపియ్యి, రేపే పాతిస్త.”

“గది తెలిస్తె నీ తాన్కి ఎందుకొస్త సారూ? నువ్వు ఫొటోలు తీస్తవు గద. మా చేను పడ్డది ఒక్కటి చూడు.”

అతను గంటసేపు ల్యాప్‌టాప్ వెతికాడు. మూడేళ్లలో ఆ బండ మీంచి తీసినవి నాలుగు వేల ఫొటోలు. అన్నిట్లోనూ ఆకాశమే.

దరఖాస్తు పెడితే నెలకు సర్వేయర్ వచ్చాడు. రెండు చేన్లూ కొలిచాడు. శాంతమ్మది ముప్పై ఏడు గుంటలు తేలింది. జంగయ్యది, దున్నిన మేర కలిపినా, అతని కాగితం కన్నా తక్కువే వచ్చింది. ఎవరు గెట్టు దాటారో కొలతతో తేలలేదు.

“పాత హద్దురాయి ఏదమ్మా?”

ఆమె గుట్ట మీది తెల్ల రాళ్లు చూపింది.

“రాయి నీదే గావచ్చు. దాని జాగ యాడ?”

ఇద్దరూ కూర్చుని ఒప్పందానికి రమ్మని చెప్పి వెళ్లిపోయాడు. జంగయ్య కూర్చోలేదు. దున్నినంత మేరా పల్లి విత్తాడు.

శాంతమ్మ పని మానలేదు. తోడు ఊడ్చే సరిత ఒకసారి అడిగింది, “నీ భూమి తిన్న రాళ్లకు నువ్వే సున్నమేస్తవేందే?”

“మాన్తె ఇంకోళ్లు ఏస్తరు. ఏవి నావో ఆళ్లకు తెల్వదు.”

పల్లి మొలిచింది. కాగితంలో శాంతమ్మ భూమి ఇప్పటికీ నలభై గుంటలు. చేను ముప్పై ఏడు.