వీడ్కోలు సంపాదకీయం

ఓ డ్రాయింగు టీచరు తొమ్మిదేళ్లుగా వంటింటి పక్క గదిలో కూర్చుని, కథలూ బొమ్మలూ వేసే ఒక వెబ్ పత్రికను ఒంటిచేత్తో నడుపుతోంది. ఒకప్పుడు తానూ కథలు రాసేది. ఇతరులు పంపినవి చదివి చదివి, తన రాత మూలపడింది. చివరికి ఓపిక నశించి, "ఇదే ఆఖరి సంచిక, ఇక సెలవు" అని సంపాదకీయం రాసి పెట్టేసింది.

మర్నాటికి మెచ్చుకోళ్లు వెల్లువెత్తాయి. "ఎంత బాగా రాశారక్కా, కళ్లు చెమర్చాయి. వచ్చే సంచికకి నా కథ పంపుతున్నా" అన్నాడొక కథకుడు. అలాంటివే మరో ముప్ఫై వచ్చాయి.

ఆమె అతనికి ఫోన్ చేసింది. "అది ఊరికే రాసింది కాదయ్యా, నిజంగానే మానేస్తున్నా. పోనీ, నువ్వు నడుపుతావా?"

"అమ్మో, నావల్ల ఎక్కడవుతుందక్కా? మీరు మానేస్తే మేమంతా ఏమైపోవాలి?"

పక్కనుంచి భర్త, "మూసెయ్యరాదూ, పీడా పోతుంది" అన్నాడు.

"మూసేద్దామనే కూర్చున్నానండీ" అంది. కుడితిలో పడ్డ ఎలుకలా కాసేపు కొట్టుకుని, అతను పంపిన కథ తెరిచింది. రెండో వాక్యంలోనే అక్షరదోషం కనిపించింది. చూసి ఊరుకోలేక దిద్దింది.