పొగ రాని బొగ్గు

ఆ గదిలో ఏదో బాగోలేదన్న కబురు నాకు మొదట తెచ్చింది బావగారు. ఆస్ట్రేలియాలో, పెర్త్ నగరపు పియారా వాటర్స్ పేటలో నేను అద్దెకున్న ఇంటాయన. ఆయన భార్యను అక్కా అని పిలిచేదాన్ని కాబట్టి ఆయన బావగారయ్యారు.

“ఏమ్మా బిల్డింగ్ డాక్టరూ, నీ పేషెంట్ రూమ్‌లో అందరికీ తలనొప్పే. మీ అక్కకీ, మా అత్తయ్యగారికీ కూడా,” అన్నారు నవ్వుతూ.

ఆ గది నిజంగానే నా పేషెంటు. యూనివర్సిటీలో పర్యావరణానికి మేలు చేసే ఇళ్ళ డిజైన్ చదువుతున్నాను. తక్కువ కరెంటుతో ఒక గదిని వెచ్చగా ఉంచి చూపించమని అసైన్‌మెంట్ ఇచ్చారు. చలికాలం వచ్చేస్తోంది, అక్కకు నెలలు నిండుతున్నాయి. ఆమె గదినే తీసుకున్నాను. కిటికీ చుట్టూ స్పాంజి పట్టీలు అంటించాను. తలుపు కింద బ్రష్ పట్టీ బిగించాను. గోడ పైన గాలికోసం వదిలిన కన్నాన్ని అట్టతో మూసేశాను. మంచి మార్కులు వచ్చాయి. పుట్టిన పాప ఆ గదిలోకి వచ్చిన రోజు మోకరించి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

కాన్పు కోసం అక్క వాళ్ళమ్మ కాకినాడ నుంచి వచ్చారు. ఆంటీ అనేదాన్ని. పాపకు స్నానం కాగానే నిప్పుల మీద సాంబ్రాణి వేసి తల ఆరబెట్టడం, బాలింత మంచం పక్కన కుంపటి ఉంచడం ఆమెకు ప్రార్థనంత నియమం. మొదటి రోజే స్మోక్ అలారం గోల పెట్టింది. పోపు వేసేటప్పుడు చేసినట్టే బావగారు దానికి షవర్ క్యాప్ తొడిగారు. మర్నాటి నుంచి ఆంటీ సాంబ్రాణి తగ్గించి, మాంసం కాల్చుకునే బార్బెక్యూ బొగ్గుల్ని పెరట్లో బాగా రాజేసి, ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చేవారు.

“చూశావా, వీసమెత్తు పొగ లేదు. మీ ఆస్ట్రేలియా బొగ్గు కూడా నా మాట వింటోంది!” అని మురిసిపోయారు.

పొగ లేదు కాబట్టి ఎవరికీ భయం లేదు.

బావగారు చెప్పాక యూని నుంచి మీటర్ తెచ్చి పెట్టాను. మనం ఊపిరితో వదిలే గాలి గదిలో ఎంత పేరుకుందో అది చెబుతుంది. కాస్త ఎక్కువే చూపించింది. ముగ్గురున్నారు కదా, అందుకే అనుకున్నాను.

“కిటికీ కొంచెం తీద్దామా ఆంటీ?”

“పచ్చి బాలింతరాలమ్మా! చలిగాలి సోకితే రేపు నడుము పట్టేసేది నీకా, దానికా?”

“వదిలెయ్ చెల్లీ,” అంది అక్క, కళ్ళు మూసుకునే. “అమ్మతో ఆర్గ్యూ చెయ్యడం వేస్ట్. టూ డేస్‌లో అదే తగ్గిపోతుంది.”

పదో తరగతి దాకా నాకు ఇంట్లో అమ్మే చదువు చెప్పింది. పెద్దల మాటకు అడ్డు చెప్పడం అందులో నేర్చుకోలేదు. కిటికీ జోలికి పోలేదు.

అది జరిగిన నాలుగో రోజు క్లాసులో మా లెక్చరర్, నేను తెచ్చినటువంటి మీటర్‌నే చేతిలో పట్టుకుని, దీనికి కనబడని విషవాయువు ఒకటుందన్నారు. రంగుండదు, వాసనుండదు. మూసిన గదిలో బొగ్గులు పెడితే చాలట. మొదట తలనొప్పి, తరువాత మత్తు.

బ్యాగు అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తాను. అక్క ఫోన్ ఎత్తలేదు. ఆంటీ ఎత్తలేదు. బావగారికి చెబితే ఆఫీసు నుంచే అంబులెన్స్‌ను పిలిచారు. బస్సులో ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట కూడా నోటికి రాలేదు.

నేను చేరేసరికి అంబులెన్స్ వాకిట్లో ఉంది. లోపల ఏం చూశారో అంబులెన్స్ వాళ్ళే చెప్పారు. వీధి తలుపు బార్లా తీసి ఉందట. పాప గుమ్మం దగ్గర, ఆంటీ శాలువలో గట్టిగా చుట్టి ఉందట, ఏడుస్తోందట. గదిలో అక్క మంచం మీంచి సగం కిందికి జారి ఉంది. ఆంటీ ఆమె చెయ్యి పట్టుకుని నేల మీద పడి ఉన్నారు.

పాప బతికింది. కొన్నాళ్ళకు అక్క కూడా ఇంటికొచ్చింది. ఆంటీ రాలేదు.

చర్చిలో కొందరు, “పెద్దావిడ చాదస్తం, ఏం చేస్తాం,” అన్నారు. నేను మూసిన కన్నం గురించి ఎవరూ అడగలేదు. అక్కతో నేనే చెప్పాను. పాపను నా ఒళ్ళో పెట్టింది. ఆ దయకు నేటికీ కృతజ్ఞురాలిని.

ఇది చదివినవారిని ఒకటే వేడుకుంటున్నాను. ఆమెను కుంపటి పెట్టిన మనిషిగా తలచుకోకండి. మనవరాలిని గాలిలో ఉంచి, కూతురి కోసం మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళిన తల్లిగా మీ ప్రార్థనల్లో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి.