సుద్ద మీద తేలిన గీత

నేను పనిచేసే కంటి ఆసుపత్రిలో నిన్న ఆడవాళ్ల వార్డుకు సున్నం వేయించారు. ఈ ఉదయం స్టవ్వులో కిరసనాయిలు పోస్తుంటే చేయి తొణికి కొంచెం గోడ మీద చిందింది. తెల్లటి సున్నం మీద అది సన్నగా, నల్లగా, వంకరగా పాకింది. ఆ వాసన తగిలి, ఆ గీత చూడగానే డబ్బా కింద పెట్టేశాను. ఆరేళ్లయినా ఇలాంటి గీత కనబడితే ముందుగా నా చేతివేళ్లు చల్లబడతాయి. తర్వాత ఖాసిం మామ గుర్తొస్తాడు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఎస్సెస్సెల్సీ పాసై ఇంట్లో ఉన్నాను. పల్లెల్లో తిరిగి కళ్లకు వైద్యం చేసే ఒక ధర్మసంస్థలో పేర్లు రాసే పని దొరికింది. డాక్టరు ఆడమనిషి గనక మా నాన్న పంపాడు. యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన జీపు ఒకటి, దాని వెనక తగిలించి లాగే బండి ఒకటి సంస్థకు ఉండేవి. కర్నూలు వడ్రంగి ఒకాయన ఆ వెనకబండి మీద చిన్న చెక్కగది కట్టాడు. లోపల రెండు మంచాలు, మందుల బీరువా, ఒక కిటికీ. ప్రయాణాల్లో డాక్టరమ్మ, నేను అందులోనే ఉండేవాళ్లం, అందులోనే పడుకునేవాళ్లం. అవసరమైతే రోగిని మోసేదీ అదే. శుక్లం తీసిన మనిషి రోజుల తరబడి తల కదల్చకుండా వెల్లకిలా పడుకోవాలి. తలకు రెండువైపులా ఇసుక సంచులు పెట్టేవాళ్లం. దగ్గు వచ్చినా భయమే. అలాంటి మనిషిని మా దారుల మీద తీసుకుపోవడమంటే నిండు కడవను తొణకకుండా మోయడమే.

ఆ బండి డ్రైవరు, మేస్త్రీ, కాపలాదారు అన్నీ ఖాసిం మామే. యాభై దాటిన మనిషి. లారీలు నడిపి నడిపి చెవులు సగం పోయాయి. నేను చేరిన మొదటి వారంలోనే నా చేతికి చిన్న సుత్తి ఇచ్చి బండి కిందికి చూపించాడు. ఇరుసుకూ బండికీ నడుమ, ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీల కట్ట ఉంది. దాన్ని కమాను అంటారని అప్పుడే తెలిసింది. దారిలో వచ్చే కుదుపును మింగవలసింది అదే.

"పొద్దున్నే దీన్ని ఒక్కో చోట కొట్టి చూడు పాపా. ఖంగుమంటే బాగుండాది. డబ్బుమంటే యాడో చెడినాది."

"నేనా మామా?"

"నా చెవులు ఇంజన్లు తినేసినాయి. నీవి బాగుండాయి గదా. ఎట్లా నోరు వాడవు, చెవులన్నా వాడు!"

అందరూ నవ్వారు. నేను తల దించుకున్నాను. కానీ మరునాటి నుంచి రోజూ కొట్టి చూసి, డైరీలో రాసేదాన్ని. ఎడమ కమాను, ఖంగు. కుడి కమాను, ఖంగు. చదువుకున్న పుస్తకాల్లో వాక్యాలు ఎత్తి రాసుకునే డైరీలో ఇవీ చేరాయి. ఒక మనిషి నన్ను నమ్మి ఏదైనా అడగడం అదే మొదలు.

ఆ కమానుకు ఒక చెడ్డ అలవాటు ఉండేది. గతుకుల్లో కిర్రుమని అరిచేది. ఏ ఊరు చేరినా జనం ఆ కూతకే బయటికొచ్చి, కిటికీలో నన్ను చూసి నవ్వేవాళ్లు. నాకు ప్రాణం పోయినట్టుండేది. మా ఇంట్లో ఎద్దులబండి కిర్రుమంటే నాన్న కాల్చిన గడ్డి బూడిదను ఆముదంలో కలిపి ఇరుసుకు కందెన పెట్టేవాడు. మైదుకూరు దాటాక ఒక పల్లెలో మకాం పెట్టిన రోజున, ఎవరూ చూడకుండా ఒక రైతు ఇంటి నుంచి గిన్నెడు కందెన తెచ్చి ఎడమ కమాను పట్టీల సందుల్లో దట్టంగా పూశాను. బండిని ఊపి చూస్తే కూత లేదు. ఆ సాయంత్రం ఎంత సంతోషంగా పడుకున్నానో!

మర్నాడు సుత్తితో కొడితే ఎడమ కమాను డబ్బుమంది. కందెన వల్లనే శబ్దం మూగబోయిందనుకున్నాను. పైన దుమ్ము కూడా ముద్దగా అంటుకుపోయింది. చెబితే, అడక్కుండా పూసినందుకు తిడతాడేమో, అందరి ముందూ నవ్వుతాడేమో. డైరీలో మాత్రం నిజమే రాశాను. ఎడమ కమాను, శబ్దం లేదు. రెండోరోజూ అదే. మూడోరోజూ అదే. "ఏమంటాండాది పాపా?" అని మామ దూరం నుంచి కేకవేస్తే, తల ఊపేదాన్ని. ఆ ఊపుకు ఏ అర్థమైనా వస్తుంది.

ఆ పల్లె బడిలో మా దగ్గర ఆపరేషను చేయించుకున్నవాళ్లలో ఓబులేసు తాత ఒకడు. మగ్గం నేసే మనిషి. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటికే ఇప్పుడు కట్టు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి, "వచ్చినావా, మాటల్లేని తల్లీ!" అనేవాడు. "కట్టు ఇప్పినాక మొదట నీ మొగం జూస్తా. ఆ పొద్దన్నా మాట్లాడల్ల మల్ల!"

నాలుగోరోజు ఉదయం డాక్టరమ్మ తాత కట్టు విప్పి చూసి గబగబా మళ్లీ కట్టేశారు. పక్కకు వచ్చి, "చీము పడుతోంది. నా దగ్గరున్న మందు చాలదు. వెంటనే కడప పెద్దాసుపత్రికి చేర్చాలి. ఖాసిం, బండి కట్టు" అన్నారు.

వెనకబండిలో తాతకు మంచం సర్దాను. ఆ డబ్బుమన్న శబ్దం చెవుల్లోంచి పోలేదు. కందెనే కావచ్చు. కాకపోతే? ఇసుక సంచుల మధ్య ఆ తల, ఆ ఒక్క కన్ను. డైరీ పట్టుకుని జీపు దగ్గరికి పరిగెత్తాను. మామకు చదవడం రాదు. నోట మాట రాక పుట తెరిచి చూపించాను.

"నాకేం తెలుస్తాదే పిల్లా, నువ్వే చదువు."

చదివాను. మూడు రోజుల వాక్యాలూ చదివి, కందెన సంగతీ చెప్పాను. మామ ముఖంలో నవ్వు లేదు. కిందికి దూరి, కిరసనాయిలు గుడ్డతో కమానంతా కడిగాడు. పొడిగుడ్డతో గట్టిగా తుడిచాడు. బడిలోంచి సుద్దముక్క తెమ్మని, పట్టీ పొడవునా తెల్లగా రుద్దాడు. తర్వాత సుత్తితో మెల్లగా తడుతూ కూర్చున్నాడు. నేనూ పక్కనే మోకాళ్ల మీద ఉన్నాను. కాసేపటికి అన్నిటికన్నా పైనున్న పట్టీ మీద, చివరికి జానెడు ఇవతల, సుద్ద మీద సన్నటి నల్లగీత తేలింది. పగులులో దాగిన కిరసనాయిలు బయటికి ఊరుతోంది.

"ఇది కందెన పని గాదు. ఇది ఇరిగిపోయే పట్టీ. దావలో ఇరిగింటే చక్రం ఒకపక్కకు, తాత ఒకపక్కకు." సుత్తి కింద పెట్టాడు. "మూడు దినాలు ఖాళీగా కూచున్యాం గదా పాపా. ఆపొద్దే చెప్పింటే కర్నూలు నించి కొత్త పట్టీ తెప్పిస్తాంటి. ఎందుకు చెప్పల్యా?"

"రాశాను మామా..."

"రాసినావు. అది కాగితానికి తెల్సు. బండికి తెలీదు, నాకు తెలీదు."

ఊళ్లో కమ్మరి కొలిమి రాజేశాడు. పాత బండిచక్రం ఇనుప పట్టా కోసి, వంచి, పగిలిన పట్టీకి ఆసరాగా పెట్టి తీగతో బిగించారు. ఇరుసును బండికి గొలుసుతో కట్టారు. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ డాక్టరమ్మ వాచీ చూసుకుంటూ వరండాలో తిరిగారు. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండుననిపించింది.

బయలుదేరేముందు మామ వెనకబండి కిటికీలోంచి జీపులోకి ఒక తాడు లాగి, దాని కొసకు ఎద్దు మెడగంట కట్టాడు. "శబ్దం మారితే లాగు. అనుమానమొచ్చినా లాగు. తప్పయితే నేను తిట్టను. లాగకపోతేనే తిడతా."

ఓబులేసు తాత తలను రెండు చేతులతో పట్టుకుని నేలమీద కూర్చున్నాను. తాడు రెండో కొసను మణికట్టుకు చుట్టుకున్నాను. జీపు ఎద్దుల కంటే మెల్లగా నడిచింది. ప్రతి గతుకుకూ తీగ మూలిగేది. మధ్యలో ఒకచోట మూలుగు టకటకగా మారినట్టనిపించింది. నిజమా, నా భయమా? అందరినీ ఆపేసి, ఏమీ లేకపోతే? చేయి కదల్లేదు. అప్పుడు తాత కట్టుకింద నుంచి అన్నాడు: "ఏమమ్మా, నీ చేతులు శానా వణుకుతాండాయి. నాకన్నా నీకే భయమా?"

లాగాను. గంట మోగింది. మామ దిగి, కింద చూసి, ఏమీ లేదన్నట్టు చేయి ఊపాడు. సిగ్గుతో నా ముఖం మండింది. "మంచిది. మల్లా లాగు" అని మాత్రం అన్నాడు. రెండు మైళ్ల తర్వాత మళ్లీ లాగాను. ఈసారి తీగ రెండు పేటలు తెగి వేలాడుతోంది. కట్టుకుని బయలుదేరాం. మధ్యాహ్నం తిరిగేసరికి కడప చేరాం.

తాత కన్ను పూర్తిగా పోలేదు, పూర్తిగా రాలేదు. మనుషులు, పగలు, రంగులు కనిపించాయి. సన్నపు నూలు కనిపించలేదు. కట్టు విప్పినరోజు చెప్పినట్టే నా ముఖం చూసి, "చిన్నపిల్లవే!" అన్నాడు. ఆ తర్వాత మగ్గం కొడుకు నేస్తే, తాను కండెలు చుట్టేవాడట. ఆ రెండు గంటలు ముందు చేరి ఉంటే నూలు కూడా కనిపించేదా? డాక్టరమ్మను అడిగే ధైర్యం లేక మామను అడిగాను. ఊరడిస్తాడనుకున్నాను. "తెలీదు పాపా" అన్నాడు. ఆయన నాకు అబద్ధం చెప్పలేదు. అందుకు ఈ రోజుకూ కృతజ్ఞురాలిని. ఆ మాట ఈ రోజుకూ నిద్రపోనివ్వదు.

తర్వాత నెలరోజులు కర్నూలులో బండి ఆగింది. ఇంకా లావు పట్టీలు వేసి గట్టిగా చేయమన్నారు డాక్టరమ్మ. మామ ఒప్పుకోలేదు. "కమాను బిర్రుగుంటే కుదుపు బండి మొయ్యదమ్మా, రోగి మోస్తాడు" అన్నాడు. పాడైపోయిన పెద్ద కారొకదాని పొడుగాటి కమానులు వెతికి తెచ్చాడు. పట్టీలు ఎక్కువ, ఒక్కోటీ పలచన. ఇరుసు పైకి లేచి తగిలేచోట పాత టైరు ముక్కలు బిగించాడు. అన్నీ అయ్యాక నన్ను మంచం మీద పడుకోబెట్టి కళ్లకు గుడ్డ కట్టించాడు. "తాత మాదిరి పండుకో. తగిలిన కాడల్లా అరువు" అని తుంగభద్ర ఒడ్డు దారంతా తిప్పాడు. చీకట్లో, గుడ్డ కింద, ఒక్కో కుదుపుకూ నేను కేక పెట్టాను. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. మామ ఆగినచోటల్లా ఏదో సడలించి, ఏదో బిగించి, మళ్లీ నడిపాడు. చివరి చుట్టులో నేను మూడుసార్లే అరిచాను. "సాలు, ఇంక అరస్తే ఊరోళ్లు నన్ను కొడతారు!" అన్నాడు.

ఆయన పని మానుకుని వెళ్లేదాకా ప్రతి సాయంత్రం రెండు ప్రశ్నలు అడిగేవాడు. "ఏం రాసినావు?" చదివేదాన్ని. "చెప్పినావా?" ఆయన చనిపోయి రెండేళ్లయింది. డైరీలో ప్రతి రోజు చివరా ఆ రెండో ప్రశ్న నేనే రాసుకుంటాను. చాలా రోజులు దాని ఎదుట ఖాళీగానే ఉంటుంది.

ఈ ఉదయం, కిరసనాయిలు చిందకముందు, వార్డులో ఒక సీసాలోని కంటి చుక్కల మందు నాకు కొంచెం మసకబారినట్టు కనిపించింది. కొత్త డాక్టరుగారు కోపిష్టి. వెలుతురు తేడా అయి ఉంటుందని సర్దిచెప్పుకుని, డైరీలో రాసి ఊరుకున్నాను. ఇప్పుడు గోడమీద గీత ఇంకా ఆరలేదు. డైరీ మూయకుండానే లేచి, సీసా చేతిలోకి తీసుకుని, డాక్టరుగారి గది తలుపు తట్టాను.