ఆదివారం కోసం ఉంచిన పువ్వులు

ఖమ్మంలో మా ఇంటి ముందున్న జాగాను తోట అనడానికి నాకే సిగ్గు. గేటుకూ గడపకూ మధ్య నాలుగు అంగలు వేస్తే అయిపోతుంది. అందులోనే ఒక మూల నీళ్ల సంపు, ఇంకో మూల నా స్కూటీ. మిగిలిన చోటంతా పాత పెయింటు బకెట్లలో తెల్ల గులాబీలు. మోకాలెత్తు దాటని పొట్టి రకం. కడియం నర్సరీ మొక్కలేసుకొని వీధులు తిరిగే ట్రాలీ ఆటో అతను "బటన్ రోజా మేడం, గుత్తులు గుత్తులు పూస్తది" అని మొదట రెండు అంటగట్టాడు. తక్కినవన్నీ వాటి కొమ్మలు గుచ్చి నేను బతికించుకున్నవే.

నేను సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. పెళ్లి చేసుకోలేదు. నా నోరు మంచిది కాదని మా కాలనీలో అందరికీ తెలుసు. మొక్కల దగ్గర మరీను. గేటు సందులోంచి చెయ్యి పెట్టి పువ్వు తెంపబోయిన ఒకావిడను నేనన్న మాటలకు, ఆమె ఇప్పటికీ మా వీధిలోంచి నడవదు.

అంత కష్టపడ్డాను మరి. తెల్ల పువ్వుకు మచ్చ పడితే దాగదు. ఒక్క వాన చినుకు రేకు మీద నిలిచినా సాయంత్రానికి గోధుమరంగు మరక తేలుతుంది. ఎండాకాలంలో ఆకుల వెనక కంటికి ఆనని ఎర్రపురుగు చేరి ఆకంతా పాలిపోతుంది. రోజూ పొద్దున్నే ఆకులు తిరగేసి నీళ్లతో కడగాలి. బకెట్ల అడుగున నీరు నిలవకుండా, గ్రానైటు కోసే చోట పారేసిన ముక్కలు ఏరి తెచ్చి కింద పేర్చాను. మే నెలలో పైన పచ్చ నెట్ కట్టేదాన్ని. నా తలకు గొడుగు పట్టుకోవడం మరిచిపోయినా వాటికి నీడ మరవలేదు.

ఇదంతా ఆదివారం కోసం. ఆదివారం ఎండ పడకముందే సగం విచ్చిన పువ్వులు కోసి, తడిగుడ్డలో చుట్టి గుడికి తీసుకుపోయేదాన్ని. చర్చిని మేం గుడి అనే అంటాం. ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల మీద గాజు కూజాలో అవి ఉండేవి. మా సంఘంలో ఆడవాళ్లు నగలు పెట్టుకోరు, తలలో పువ్వులు పెట్టుకోరు. మా నాన్న ఆ సంఘపు పెద్దల్లో ఒకరు. బల్ల మీద పెడితే దేవునికి ఇష్టమైన పువ్వు, జడలో పెడితే లోకాచారం ఎట్లా అవుతుందని నేనెప్పుడూ అడగలేదు. లెక్కల టీచరును, కనీసం నేనైనా అడిగి ఉండాల్సింది.

మా చెల్లె నాకన్నా పదేళ్లు చిన్నది. దానికి ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటినుంచీ దానికి తల దువ్వింది, జడలు వేసింది, బడికి తోలింది నేనే. ఎంత ఒత్తు జుట్టో. నా గుప్పిటికి అందేది కాదు. ఒకసారి బడిలో ఎవరో పిల్ల కనకాంబరాలు పెడితే అలాగే ఇంటికి వచ్చింది. నేను వాకిట్లోనే లాగి పారేశాను. పూలతోపాటు నాలుగు వెంట్రుకలు కూడా ఊడి వచ్చాయి. అది ఏడవలేదు. "అక్కా, పువ్వు ఏం చేసింది?" అని అడిగింది. నోరు మూసుకోమన్నాను.

దాన్ని భద్రాచలం దగ్గర సారపాకలో ఇచ్చాం. మా మరిది అక్కడి కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేస్తాడు. వాళ్లు వెళ్లే గుడి వేరు. అక్కడ ఆడవాళ్లు పండుగలకూ పెళ్లిళ్లకూ చక్కగా పువ్వులు పెట్టుకుంటారు. ఇంకేముంది, ఇదీ పెట్టుకుంటుందని నేను తీర్మానించేసుకున్నాను. ఖమ్మం వచ్చినప్పుడల్లా దాని జడ ఖాళీగా ఉండేది. బస్టాండులో తీసిపారేసి నా దగ్గరికి బుద్ధిమంతురాలిలా వస్తోందని నా అనుమానం. నోరు తెరిచి అడగలేదు. అనుమానాన్ని మాత్రం ఇరవై ఏళ్లు పెంచుకున్నాను.

రెండేళ్ల కిందట వానాకాలంలో దాని రొమ్ములో గడ్డ బయటపడింది. వైద్యం ఖమ్మంలోనే. మూడు వారాలకోసారి మరిది దాన్ని బస్సులో తెచ్చి, దవాఖానాలో కీమో అయ్యాక మా ఇంట్లో దింపి, డ్యూటీకి తిరిగి పోయేవాడు. వారం పది రోజులు నా దగ్గరే ఉండేది. మట్టి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పింది కాబట్టి గడప మీద కూర్చొని నన్నూ నా బకెట్లనూ చూస్తుండేది.

మొదటి కీమో అయ్యాక వచ్చిన ఆదివారం పొద్దున నేను పువ్వులు కోస్తున్నాను. వాన లేదు. ఆ వారం ఒక్క మచ్చ లేకుండా పూశాయి.

"అక్కా, ఒక్కటి నాకు పెట్టవా?" అన్నది.

"ఏంది?"

"జడల. ఒక్కటే. జుట్టంత రాలిపోతదంట గదా. పోకముందు ఒక్కసారి."

నేను కత్తెర ఆపలేదు. "గివి ఆదివారం కొరకు. అయినా మీ ఇంట్ల పెట్టుకుంటనే ఉంటవ్ గదా. నా ఇంట్ల గూడ కావాల్నా?"

దాని మొహం చిన్నబోయింది. ఏదో చెప్పబోయి ఆగిపోయింది. "జల్దీ పో అక్కా, ఆరాధన షురూ అయితది" అన్నది. నేను వెళ్లాను. ఆ రోజు బల్ల మీది పువ్వులను అందరూ మెచ్చుకున్నారు. నాకు సంతోషంగానే ఉండింది. అది ఇప్పుడు రాస్తుంటే ఒళ్లు మండుతోంది, నా మీద నాకే.

రెండో కీమోకు వచ్చినప్పుడు దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా ఊడింది. అట్లా ఊడుతుంటే చూడలేక, కత్తిరించెయ్యమని అదే అడిగింది. వరండాలో పీట వేసి కూర్చోబెట్టి నేనే కత్తిరించాను. అంత జుట్టును పేపరులో చుట్టి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లో పట్టుకొని చాలాసేపు నిలబడ్డాను. లోపలికి వెళ్లి కొళాయి తిప్పుకొని ఏడ్చాను. పువ్వు మాట అది మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు. పిల్లలు బోర్డు మీద నా తప్పు చూపించినా, మీరు గమనిస్తున్నారా లేదా అని కావాలనే వేశాననేదాన్ని.

అక్టోబరులో గులాబీలకు కత్తెర వేశాను. ఏటా చేసే పనే. కొమ్మలన్నీ సగానికి కోసేస్తే బకెట్లలో పుల్లలు మిగులుతాయి. చెల్లె తలకు గుడ్డ చుట్టుకొని గడప మీద కూర్చొని ఉంది.

"గిట్ల కోస్తె చావవా?"

"చావవు. నెలన్నరల మళ్ల పూస్తయ్."

"నా తల గూడ గట్లనే చిగురిస్తదా?"

"చిగురిస్తది" అన్నాను, క్లాసులో జవాబు చెప్పినంత గట్టిగా.

చిగురించింది కూడా. కీమోలన్నీ అయిపోయాక ఫిబ్రవరికల్లా తలంతా వేలి గోరంత జుట్టు వచ్చింది. మెత్తగా, పసిపిల్లల తలలా ఉండేది. మేమిద్దరం తెగ మురిసిపోయాం. ఆ మురిపెం పదిహేను రోజులు. మళ్లీ తీసిన స్కానింగులో జబ్బు కాలేయానికి పాకిందన్నారు. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

మరుసటి రోజు బుధవారం. మరిది దాన్ని తీసుకుపోవడానికి మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాడు. నేను పొద్దున్నే లేచి అన్ని బకెట్లూ వెతికి, అన్నిటికన్నా మంచి పువ్వు కోసి దాని మంచం దగ్గరికి తీసుకెళ్లాను. తల ఇటు తిప్పమన్నాను. పిన్నీసు పెడితే జారిపోయింది. చెవి వెనక దోపితే దిండు మీద పడింది. ఇంకో పిన్నీసు తెచ్చాను. అదీ నిలవలేదు.

అది నా చెయ్యి పట్టుకొని ఆపింది. నవ్వింది. "నిలుస్తలేదక్కా. ఉంచు. ఆదివారం కొరకు ఉంచు" అన్నది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. తిట్టినా పడేదాన్ని. అది నిజంగానే, పువ్వు వృథా అవుతుందని చెప్పింది.

మార్చి చివర్లో సారపాకలో పోయింది. నేను మొగ్గలతో సహా అన్నీ కోసుకొని బస్సెక్కాను. పెట్టె నిండా పువ్వులే పెట్టారు, పాదాల దగ్గర, చేతుల్లో, చుట్టూ. పెట్టెలో పెట్టడానికి ఏ సంఘానికీ అభ్యంతరం ఉండదు.

జూన్‌లో మరిది దవాఖానా కాగితాల పనిమీద ఖమ్మం వచ్చాడు. ఎండకు సగం మొక్కలు చచ్చినా మిగిలినవాటికి తొలకరి తడి తగిలి నాలుగు పువ్వులు పూశాయి. నేను టీ ఇచ్చాను. అతను చెల్లె కూర్చునే గడప మీదే కూర్చొని వాటిని చూస్తున్నాడు.

"వదినా, గివేనా ఆమె చెప్పే పువ్వులు?"

"ఏం చెప్పేది?"

"మా అమ్మ ప్రతి పండుగకు మల్లెలు తెచ్చి పెట్టబోయేది. మా పెళ్లైన కొత్తల నుంచి. ఒక్కనాడు గూడ పెట్టుకోలే. మా దగ్గర తప్పు లేదు గదా అంటే, 'మా అక్క పెడ్తే పెట్టుకుంట' అనేది. మీరు గివి పెంచుడు షురూ చేసినంక ఇగ చూడండ్రి, 'అక్క ఇంట్ల తెల్ల గులాబీలు పూస్తున్నయ్, ఏదో ఒకనాడు అక్కే పెడ్తది' అని నాతోని ఎన్నిసార్లన్నదో."

"క్రిస్మస్‌కు గూడ పెట్టుకోలేదా?"

"లేదు వదినా."

అతనికి అది భార్యను తలుచుకొని చెప్పుకున్న ముచ్చట. నా మొహం చూడలేదు. గ్లాసు కడిగి పెట్టి, నాలుగింటి బస్సుందని వెళ్లిపోయాడు.

ఇరవై ఏళ్లు నా చెల్లెను ఆపింది సంఘం కాదు, అత్తగారిల్లు కాదు. నేను. ఆ ఆదివారం పొద్దున అది చెప్పబోయి ఆగింది ఇదే అయి ఉంటుంది. అప్పుడు దానికి నడుము దాటిన జడ ఉంది, నా చేతిలో కోసిన పువ్వు ఉంది, మా ఇద్దరి మధ్యా రెండడుగుల దూరం ఉంది.