ఫ్లెక్సీ వెనకవైపు ప్రొద్దుటూరు

నిన్న పొద్దున పులివెందుల బస్టాండులో ఉండగా ఫోన్ వచ్చింది. మస్తాన్ మామ ఇక లేడని.

మొన్ననే మాట్లాడాను. తెల్ల పెయింట్ ఎవరి దగ్గరైనా డబ్బా అడుగున మిగిలి ఉంటే పట్టుకురమ్మన్నాడు. సరేనని పెట్టేశాను.

తెలియనివాళ్ళకు చెబుతున్నా. మామ ప్రొద్దుటూరులో అంగళ్ళకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. పొట్టకూటికి ఇళ్ళకు సున్నం కొట్టాడు.

జమ్మలమడుగులో గానీ, ఇక్కడ గానీ, పెళ్ళి అయిపోయిన చోట ఫ్లెక్సీ విప్పుకొని తెచ్చుకునేవాడు. దాని వెనకవైపు తెల్లగా ఉంటుంది. ఉప్పు కాగితంతో రుద్ది, మిగులు పెయింట్‌తో బజారును గీసేవాడు.

ఆటో టాప్ మీద తాళ్ళతో కట్టిన కొత్త ఫ్రిజ్.

బంగారు అంగట్లో గాజులు వేసుకుని చూసి, తీసి ఇచ్చేసే ఆడవాళ్ళు.

తను బోర్డులు రాసిన బజారులో తన బొమ్మ ఒక్కటి వేలాడాలి. ఆయన కోరిక అంతే.

ఒకసారి కుదిరేటట్టే ఉండింది. పండగ రద్దీని గీసిన బొమ్మ చూసి, చీరల అంగడి శెట్టి ఒకాయన అంగట్లో పెడతానన్నాడు.

"అంతా బాగుంది మస్తానూ. జనాలేందప్పా, దినానికి వచ్చినట్టుండారు? కొంచెం నగించు."

"బిల్లు కట్టి బయటికొచ్చేటప్పుడు చూడు శెట్టీ, ఎవురు నగుతాండారో."

శెట్టి కూడా నవ్వాడు. బొమ్మ మాత్రం తీసుకోలేదు.

నాలుగు మూతులు దిద్దితే అయిపోయేది గదా అన్నాను.

"శానా అలిసిపోయుండార్రా వాళ్ళు. నేనేడ నగించేది?"

నిన్నంతా ముసురు. ఇంటి ముందు జనం తడుస్తున్నారు. షామియానా దొరకలేదు. వీధివాళ్ళు మామ కొట్టంలో చుట్టిపెట్టిన ఫ్లెక్సీలు తెచ్చి గుంజలకు కట్టేశారు. మామూలు పాతవే అనుకున్నారు. పెళ్ళి ఫోటోలు పైకి, మామ బొమ్మలు కిందికి వచ్చాయి.

కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే తలెత్తారు.

మజ్జిగ బండి అవ్వ కళ్ళు తుడుచుకుంటూనే తిట్టింది. "ఇది నా బండే గదా! నన్నడక్కుండానే గీసినాడే ఈ ముసిలోడు!"

ఆ బొమ్మల కిందనుంచే ఆయన్ను తీసుకెళ్ళాం.

ఈ రోజు విప్పేశాం. తడిమీద మడిస్తే రంగు ఊడిపోతుంది. ఇంట్లో చోటు లేదు. గడ్డివామి మీద కప్పుకుంటాం, ఇస్తారా అని అప్పుడే ఇద్దరు అడిగారు. వాళ్ళ తప్పు కాదు. మన వైపు పాత ఫ్లెక్సీ అందుకే కదా.

ప్రొద్దుటూరు బజారులో ఖాళీ గోడ ఉన్నవాళ్ళు చెప్పండి. దిద్దేవాడు ఇక లేడు. ఉన్నవి ఉన్నట్టే పెట్టాలి.

మామా, ఇంక చేతులు కడుక్కొని పడుకో. అల్లా నీకు నెమ్మదినివ్వాలి.