కలిసిపోయిన గింజలు

నా చిన్నప్పుడు మా చర్చిలో బలిపీఠానికి ఎడమ పక్కన మూడు మట్టి బానలు ఉండేవి. ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో కొర్రలు, ఒకదాంట్లో జొన్నలు. మా పేటలో ప్రతి ఇల్లాలూ పొయ్యి వెలిగించే ముందు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, ఆ పూట గింజల్లోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలో వేసేది. అది దేవుని వాటా. ఇంట్లోవాళ్లకు చాలకపోయినా ఆ పిడికెడు తీయడం మానేవాళ్లు కాదు. శనివారం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి ఆ గింజలు పోగుచేసి బానల్లో పోసే పని నాది. అప్పటికి నాకు పదేళ్లు.

ఆ పని నాకు అప్పజెప్పింది మా జేజి, అంటే మా నాయన తల్లి. గడప గడపకూ తిరిగి వాక్యం చదివి చెప్పేది గనుక అందరూ ఆమెను బైబిలమ్మ అనేవాళ్లు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారికి లోపలగా, కుందూలో కలిసే ఒక వాగు పక్కన మా ఊరు. పండే నల్లరేగడి అంతా కింద ఊరివాళ్లది. ఏ పైరూ నిలవని గరుసు మిట్ట మాది. ఆ మిట్ట మీదే మా పేట, పేట చివర రాళ్లతో కట్టి బేతంచెర్ల బండలు పరిచిన చర్చి. పాస్టరు అయ్యగారు నాలుగైదు ఊళ్లకు ఒక్కరే కావడంతో మా చర్చి తాళంచెవి ఎప్పుడూ జేజి కొంగుకే ఉండేది.

ఆమె చర్చి అటక మీద ఎండిన కంది కట్టె, రేకు డబ్బాలో అగ్గిపెట్టెలు, రెండు చేంతాళ్లు, కోతల పండుగకని ఆళ్లగడ్డ సంతలో కొన్న కొత్త కుండలు భద్రంగా పెట్టి ఉంచేది. ఏ ఇంట్లో నిండు చూలాలు ఉందో, ఎవరికి కళ్లు కనపడవో, ఎవరు మంచం దిగలేరో అంతా ఆమె నోట్లోనే ఉండేది. మా పేట ఒక్కటే కాదు, కింద ఊరి సంగతి కూడా. పాడైపోయిన పాత కట్టె తీసేసి కొత్తది సర్దుతుంటే, ఇదంతా ఎందుకు జేజీ అని విసుక్కునేదాన్ని. ఏ పొద్దు ఎవరి మీద ఏం పడతాదో మనకేం తెలుసు అనేది.

గింజలు తేవడానికి ఆమె నాకు మూడు గుడ్డ సంచులు కుట్టిచ్చింది. ఒక సంచిలో ఒక గింజే పోయాలని వందసార్లు చెప్పింది. కానీ ఆ వానాకాలం బురద చెప్పులకు అంటుకుని కాళ్లు లాగేస్తుంటే మూడు సంచులు మోయడం నాకు మహా కష్టమనిపించింది. అన్నీ ఒకే సంచిలో పోసుకొచ్చి, మూడు బానల్లోకీ పంచేశాను. పైన మాత్రం ఏ బానకు ఆ బాన గింజే ఒక పొర పరిచేదాన్ని. జేజి మూత తీసి చూసి, బాగుందని మూసేది. రెండు నెలలు అలాగే నడిపించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కింద ఊళ్లో పెద్దింటి అవ్వ అని ఒకామె ఉండేది. మా పేటవాళ్లు తాకిన నీళ్లు ఊరివాళ్లు తాగని రోజులవి. ఆ వేసవిలోనే దాహమై వాళ్ల గుమ్మం ముందు నిలబడితే, ఆమె మెట్టు మీద నుంచి చెంబు ఎత్తి నా దోసిట్లోకి నీళ్లు పోసింది. సగం నా మొహం మీద, మెడ మీద పడ్డాయి. నేను తాగడం మానేసి ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ అవ్వంటే నాకు ఒళ్లు మంట.

వాన నాలుగు రోజులు విడవకుండా కురిసింది. ఐదో రోజు తెల్లవారేసరికి, వాన ఇంకా పడుతుండగానే, వాగు కింద ఊళ్లోకి వచ్చేసింది. మట్టి మిద్దెలు నాని ఒకదాని వెంట ఒకటి కూలాయి. మా వాళ్లు చేంతాళ్లు పట్టుకుని కిందికి దిగి, ముందు ఎవరి ఇంటికి పోవాలో జేజి పేరుపేరునా చెబుతుంటే, ఒక్కొక్కరినే మిట్ట మీదికి చేర్చారు. మంచం దిగలేని ముసలాయన్ను మంచంతోనే మోసుకొచ్చారు. అయ్యగారు నంద్యాల పక్క ఎక్కడో చిక్కుబడిపోయారు. చర్చి తలుపులు తెరిచి జేజి అందరినీ లోపలికి రమ్మంది. వాళ్లలో పెద్దింటి అవ్వ, ఆమె కోడలు, ఆ కోడలి చేతిలో పది రోజుల పసిబిడ్డ ఉన్నారు. వాళ్లు లోపలికి రాలేదు. తలుపు బయట వసారాలోనే ఒక మూల కూర్చున్నారు.

మా అమ్మ ఇంట్లో మిగిలిన పిండితో గంజి కాచి తెచ్చింది. పిల్లలు, ముసలివాళ్లు తాగారు. బాలింత ముందు కూడా ఒక గిన్నె పెట్టింది. అవ్వ మొహం పక్కకు తిప్పుకుంది. కోడలు గిన్నె వంక చూసింది, అత్త వంక చూసింది, చాచబోయిన చేయి వెనక్కి తీసుకుంది. అంతకుముందు రోజు నుంచి ఆమె కడుపులో ఏమీ పడలేదట. పాలు రావడం లేదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, చివరికి పిల్లికూనలా సన్నగా మూలుగుతోంది. ఆ బిడ్డ సాయంత్రం దాకా ఉంటుందా అని ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే జేజి బానల మూతలు తీసింది. చేయి లోపలిదాకా పెట్టి పిడికెడు పైకి తీసింది. బియ్యం, కొర్రలు, జొన్నలు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. రెండో బానలో అదే, మూడో బానలో అదే. అలాగే ఎసట్లో పోస్తే బియ్యం ముద్దయిపోతుంది, జొన్న రాయిలా మిగిలిపోతుంది. అంతమంది ఆకలితో ఉన్నారు, గింజలు బానల నిండా ఉన్నాయి, వండే వీలు లేదు. జేజి తల తిప్పి నా వైపు చూసింది. బండల నేల మీద నిలబడ్డదాన్ని అక్కడే భూమిలోకి పోతే బాగుండుననుకున్నాను.

ఆమె మళ్లీ ఆ గింజల వంక చూసింది. తర్వాత వసారా వంక చూసింది. గంప నిండా గింజలు ఎత్తుకుని, చేట చంకన పెట్టుకుని, తిన్నగా పోయి పెద్దింటి అవ్వకు నాలుగు మూరల దూరంలో కూర్చుని చెరగడం మొదలుపెట్టింది.

మా జేజి చేట పట్టిందంటే గింజ మాట వినేది. అలాంటిది ఆ రోజు గింజలు అటు చింది ఇటు చింది బండల మీద పడుతున్నాయి. బియ్యం జొన్నల్లోకే పోతోంది. నాకేమీ అర్థం కాలేదు. జేజికి చేతులు వణుకుతున్నాయేమో అనుకుని నా తప్పుకు ఇంకా కుమిలిపోయాను. పెద్దింటి అవ్వ చూడనట్టే కూర్చుంది. కాసేపు ఓర్చుకుంది. ఇంకాసేపు ఓర్చుకుంది. ఇక ఆమె వల్ల కాలేదు.

"ఏందమ్మే బైబిలమ్మా అది! చేట పట్టుకునేది అట్లనా? గింజంతా నేలపాలు చేస్తాండావ్."

"ఏం జేయాలమ్మా, కండ్లు ఆనడంలే. మా ఆడోళ్లంతా కూలిన ఇండ్లకాడ ఉండారు. ఇంతమందికి ఎట్ల వండాలో దిక్కు తెలీడంలే" అంది జేజి, తలెత్తకుండా.

"ఆడ పెట్టు" అంది అవ్వ.

జేజి చేటను బండల మీద పెట్టి వెనక్కి జరిగింది. అవ్వ దాని వంక చూస్తూ కూర్చుంది. బిడ్డ మళ్లీ మూలిగింది. అవ్వ కొంగు బిగించి చేట చేతిలోకి తీసుకుంది. అలాంటి చెరుగుడు నేను మళ్లీ చూడలేదు. చేట ఇలా ఊపితే కొర్రలు ఒక అంచుకు, అలా తిప్పితే జొన్నలు ఇంకో అంచుకు, నడుమ తెల్లగా బియ్యం. కింద ఊరి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి పక్కన కూర్చున్నారు. కూలిన ఇళ్ల దగ్గర నుంచి తిరిగొచ్చిన మా పేట ఆడవాళ్లు రాళ్లు ఏరుతూ ఎదురుగా కూర్చున్నారు. ఏ ఇల్లు ఎప్పుడు కూలిందో ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

బియ్యం రాశి పడ్డాక అవ్వ తనంతట తానే లేచింది. జేజి అటక మీద నుంచి కొత్త కుండలు దించింది. పొడి కట్టె ఇచ్చింది. అవ్వ ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న ఇత్తడి బిందె చూరు కింద పెట్టి వాన నీళ్లు పట్టింది. చర్చి కప్పు మీద నుంచి జారిన నీళ్లు మాత్రం ఆమె మడికి అడ్డం రాలేదు. అన్నం ఉడికాక మొదటి ముద్ద కోడలికి తానే కలిపి పెట్టింది. తర్వాత గరిటె పట్టుకుని మా పేట పిల్లలకు, ఊరి పిల్లలకు, మంచంలో ఉన్న ముసలాయనకు, అందరికీ వడ్డించింది. అందరి తర్వాత తాను తిన్నది. చీకటి పడేలోగా బాలింతకు పాలు వచ్చాయి. బిడ్డ చప్పరించే చప్పుడు విని మా అమ్మ ఏడ్చింది.

నాకు మాత్రం కోపం తగ్గలేదు. జేజి పక్కన చేరి, మన చేతి గంజి తాగలేదు కదా, నువ్వెందుకు లొంగిపోయినావని నిలదీశాను.

"నాకు రోషం లేదనుకుంటాండావా పాపా? నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది" అంది జేజి. "ఆయమ్మతో నా కొట్లాట యాడికీ పోదు, రేపు పడతా. ఈ పొద్దు ఆ బిడ్డకు పాలు రావల్ల." వసారా వంక చూపిస్తూ మళ్లీ అంది. "ఇల్లు కూలినోళ్లు. చేతులు ఊరికే పెట్టుకొని కూచుంటే ఆ కూలిన ఇల్లే కండ్ల ముందర ఆడతాంటాది. చేతికి పని తగిలితేనే కూడు లోపలికి పోతాది."

అవ్వ ఆ రోజుతో మారిపోయిందని నేను అబద్ధం చెప్పను. వరద తగ్గి వాళ్లు ఊళ్లోకి పోయాక కూడా ఆమె మాకు నీళ్లు పైనుంచే పోసింది. కోడలు మాత్రం అత్త ఇంట్లో లేనప్పుడు నన్ను పిలిచి గ్లాసు చేతికిచ్చేది. జేజి తన మాట ప్రకారం ఆ పైనుంచి పోసే నీళ్ల విషయమై అవ్వతో బతికినన్నాళ్లూ వాదిస్తూనే ఉంది. నా శిక్ష ఏమిటంటే, మిగిలిన రెండు బానల గింజలూ నేనే ఏరాను. పదకొండు రోజులు పట్టింది.

నేను టీచరునై, నంద్యాలలో స్థిరపడి, రిటైరయ్యాను. మా చర్చిలో స్త్రీల సమాజం పని నెత్తిన వేసుకున్నాను. ఇప్పుడు బానల బదులు ప్లాస్టిక్ డ్రమ్ములు. తాళ్లు, టార్చిలైట్లు, మందుల పెట్టె, వీధి వీధికీ గర్భిణులు, మంచాన పడ్డవాళ్లు ఎవరో రాసిన పుస్తకం అన్నీ సిద్ధంగా ఉంటాయి. బండి ఆత్మకూరు పక్క ఊళ్ల నుంచి కూడా చర్చివాళ్లు నేర్చుకోవడానికి వస్తారు. కష్టంలో ఉన్నవాళ్లకు ఏం తీసుకుపోవాలో వాళ్లు రాసుకుంటారు. ఆ కష్టంలో ఉన్నవాళ్లకే ఏ పని అప్పజెప్పాలో కూడా రాసుకోమంటాను. ఈ జేజి కథ చెబుతాను. మా పాస్టరు భార్య, నా కూతురి వయసు పిల్ల, ఈ కథ నా నోట ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు.

కరోనాలో మా ఆయన పోయాడు. ఆసుపత్రి వాళ్లు మొహం చూడనివ్వలేదు. చర్చి కుర్రాళ్లు నలుగురు ఒళ్లంతా ప్లాస్టిక్ బట్టలు కప్పుకుని సమాధి చేసి వచ్చి గేటు అవతలి నుంచే దండం పెట్టి పోయారు. రోజూ ఎవరో ఒకరు క్యారియర్ పెట్టి పోయేవాళ్లు. పక్కింటి సాయిబుల కోడలు గోడ మీద నుంచి గిన్నె అందించేది. అన్నీ అలాగే చల్లారిపోయేవి. నేను వసారాలో కుర్చీలో కూర్చుని, ఆయన చెప్పులు ఉన్న చోటు వంక చూస్తూ ఉండేదాన్ని. ఎన్ని రోజులో నాకు తెలియదు.

ఒక ఉదయం మా పాస్టరు భార్య మాస్కు కట్టుకుని వచ్చి గేటు లోపల ఒక మూట, దాని మీద ఒక చేట పెట్టింది.

"టీచరమ్మా, డ్రమ్ముల్లో బియ్యమూ కందిబేడలూ కలిసిపోయినాయి. సాయంత్రానికి నలభై ఇండ్లకు పంచాల. మాకు చేతులు చాలడంలే" అంది. మాస్కు పైన ఆమె కళ్లు నా కళ్లలోకి చూడలేక నేల చూపులు చూస్తున్నాయి.

ఆ డ్రమ్ములకు మూతలు బిగించింది నేను. వాటి మీద పేర్లు రాసింది నేను. వాటిలో గింజలు వాటంతట అవి కలిసిపోవని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ పిల్ల రాత్రంతా కూర్చుని కలిపి ఉంటుంది. అది తెలిసే మూట విప్పాను. చేట చేతిలోకి తీసుకోగానే, జేజి కావాలనే గింజలు చిందిస్తోందని పెద్దింటి అవ్వకు కూడా ఆ రోజు తెలిసే ఉంటుందని నాకు మొదటిసారి తోచింది. మధ్యాహ్నానికి బియ్యం ఒక పక్క, కందిపప్పు ఒక పక్క అయ్యాయి. అప్పుడు ఆకలేసింది. పక్కింటి వాళ్లిచ్చిన గిన్నె మూత తీసి, ఏడుస్తూనే తిన్నాను.

ఆ చేట తిరిగి ఇవ్వలేదు, ఆమె అడగలేదు. ఎవరింట్లో చావు జరిగిందన్నా, ఎవరి ఇల్లు కాలిందన్నా, కూర గిన్నె ఒక చేత్తో, ఈ చేట ఇంకో చేత్తో పట్టుకుని బయలుదేరతాను.