బావ లుంగీకి సరిపడే గుండు

బావను చంపిన అడవిపందికి ఎడమ చెవి చీలి ఉంటుంది. పక్క అరటితోట కౌలురైతు దాన్ని కళ్ళారా చూశాడు. కొల్లిపర దగ్గర లంకలో కంద చేనుకు నీళ్ళు కట్టడానికి పొద్దున్నే వెళ్ళిన బావను అది తొడ దగ్గర కోరతో చీల్చింది. ఆయన పడిపోయాక కొంత దూరం వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి పొడిచింది. అలా వెనక్కి రావడాన్నే అక్క క్షమించలేదు. నోరులేని జీవం, భయపడి పొడిచి ఉంటుందని పరామర్శకు వచ్చినవాళ్ళు అంటే, "మరి రెండోసారో?" అని అడిగేది.

నేను తెనాలిలో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. పంది దాడిలో రైతు మృతి అనే వార్తకు ఎంత చోటివ్వాలో నాకు బాగా తెలుసు. బావ వార్త కూడా అంతే చోటులో వచ్చింది. అందులో పంది అడవిలోకి పారిపోయిందని రాశారు. లంకలో అడవెక్కడిది? రెల్లులో పడుకుని, మా కందే తింటూ ఉంది. నాకు ఆ వార్త రాసినవాడి మీద కోపం రాలేదు. పంది మీదే వచ్చింది.

పెద్దకర్మ అయిన మర్నాడు అక్క తుపాకి దించింది. అది గొట్టం నోట్లోంచి మందూ గుండూ కూరి పేల్చే పాతకాలపు తుపాకి. పంట కాపలా కోసం నాన్న తీసుకున్న లైసెన్సు ఆయన తర్వాత అక్క పేరు మీదకు మారింది. పందిని కొట్టడానికి అధికారుల అనుమతి కూడా తెచ్చుకుంది. మందు ఉంది. లేనిది సీసం కరిగించి గుండ్లు పోసుకునే అచ్చు. నాన్న వాడిన అచ్చు తుప్పు పట్టి, దాని రెండు దవడలూ కలవడం మానేశాయి.

ఈ తుపాకికి ఉత్త గుండు పనికిరాదు. దానికి నూనె రాసిన గుడ్డ చుట్టి, కడ్డీతో లోపలికి దిగగొట్టాలి. గుండూ గుడ్డా కలిసి గొట్టంలో బిగుతుగా కూర్చోవాలి. నాన్న పాత పంచె గుడ్డ వాడేవాడు. అక్క మాత్రం బావ లుంగీ వాడతానంది. ఆసుపత్రివాళ్ళు సంచిలో పెట్టి ఇచ్చిన గళ్ళ లుంగీ, ఆ రోజు ఆయన కట్టుకున్నది. అక్క దాన్ని ఉతకలేదు. నీడలో ఆరబెట్టి, మరకలున్న మేర కత్తిరించి దాచింది.

"ఆయన నెత్తురు దాని ఒంట్లోకి దిగాలిరా," అంది నాతో. నాకు ఆ మాట నచ్చింది.

ముందు తెనాలిలో లేతు మిషన్ కొట్టుకు వెళ్ళాం. అక్కడి కుర్రాడు మా తుపాకి గొట్టం కొలతకు సరిగ్గా ఒక ఇనప గొట్టం ముక్క తయారుచేసి ఇచ్చాడు. బస్సుల్లో తుపాకి మోసుకు తిరగలేం కాబట్టి, గుండు పడుతుందో లేదో చూసుకోవడానికి అది. ఇత్తడి దిమ్మలో అచ్చు కూడా తొలిచాడు. అందులో పోసిన గుండు కోలగా వచ్చింది.

అక్క దాన్ని అరచేతిలో దొర్లించి చూసింది. "ఇదేంటి తమ్ముడూ, కోడిగుడ్డా? పందికి ఆమ్లెట్టేసి పెట్టమంటావా?"

"ఇంకోసారి తొలుస్తానండి."

"వద్దులే నాయనా. ఈసారి ఇడ్లీ వస్తది."

తర్వాత రేపల్లె. అక్కడ వలలకు సీసపు గుండ్లు పోసే ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర రకరకాల అచ్చులున్నాయి గాని, తాడు దూరడానికి ప్రతి గుండుకీ మధ్యలో బొక్క పడుతుంది.

"వీటితో జెల్ల చేపల్ని పట్టుకోవచ్చమ్మా, పందిని కాదు," అన్నాడాయన. సంగతంతా విన్నాక నవ్వు మానేశాడు. పోసుకోవడానికి మెత్తటి సీసం దిమ్మ ఒకటి ఇచ్చాడు. "బాపట్లలో ఒక డ్రిల్లు మాస్టారున్నారు. వాళ్ళ నాన్న వేటగాడు. ఆయన్ని అడగండి," అని వీధి గుర్తులు చెప్పాడు.

డ్రిల్లు మాస్టారు రిటైరై చాలా కాలమైంది. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, తెల్ల చొక్కా మడత నలగలేదు. మా సంగతి విని, మంచం కింద నుంచి రేకుపెట్టె లాగి, పటకారుల్లా ఉన్న రెండు అచ్చులు బల్ల మీద పెట్టారు. ఒకటి పెద్దది, ఒకటి కాస్త చిన్నది. రెండింటికీ చెక్క పిడులు. దేని పక్కన దానిలో పోసిన పాత గుండు.

"పెద్దది తీసుకో అమ్మాయ్. పంది భుజం మీద బురద ఎండి పెచ్చు కట్టి ఉంటది. బరువున్న గుండైతేనే లోపలికి దిగుద్ది."

"ఏ గుడ్డతోనండి?"

"పల్చటి పంచె గుడ్డతో."

అక్క సంచిలోంచి లుంగీ ముక్క తీసి బల్ల మీద పరిచింది. మాస్టారు తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అదేం మరకో అడగలేదు.

"ఇది మందం గుడ్డమ్మా. పైగా బిరుసెక్కింది. ఉతికి నలిపితే పెద్దది పట్టొచ్చేమో."

"ఉతకనండి."

"పగ తీర్చుకోవడం మన పని కాదని మా చర్చిలో చెప్తారమ్మా."

"మీ చర్చికి పందులు రావుగా మాస్టారూ."

ఆయన నవ్వాపుకోలేకపోయారు. లుంగీ అంచుకు ఆముదం రాసి, పెద్ద గుండుకు చుట్టి ఇనప గొట్టం ముక్కలో పెట్టారు. సుత్తి పిడితో కొట్టినా అది దిగలేదు. చిన్న గుండుకు చుడితే సీసాకు బిరడాలా బిగిసి, మెల్లగా చివరిదాకా వెళ్ళింది.

"చూశావుగా. గుడ్డ మారిస్తే పెద్ద గుండు. గుడ్డ ఇదే అంటే చిన్న గుండు. చిన్నది తేలికమ్మా. దూరం నుంచి కొడితే ఒళ్ళు దులుపుకుని పోద్ది. లేదంటే నీ మీదకే వస్తది."

"దగ్గరికి రానిస్తాను."

"ఎంత దగ్గరికి?"

"మా ఆయనకు ఎంత దగ్గరికొచ్చిందో అంత."

మాస్టారు నా వైపు చూశారు. తమ్ముణ్ణి కదా, వారిస్తానని ఆయన ఆశ. నేను చిన్న అచ్చు పిడి పట్టుకుని తెరిచి, మూసి, దవడల మధ్య వెలుతురు కనబడుతోందేమో చూస్తున్నాను. కనబడలేదు. "ఇదే ఇవ్వండి మాస్టారూ," అన్నాను.

మర్నాడు పెరట్లో సీసం కరిగించాం. అచ్చు లోపలి గుంటకు దీపం మసి పట్టించి పోస్తే గుండు అంటుకోదు. అచ్చు వేడెక్కేదాకా వచ్చిన గుండ్లన్నీ ముడతలు పడ్డాయి. అక్క వాటిని తిరిగి గరిటెలో పడేసింది. తర్వాత నున్నగా వచ్చినవాటిని కూడా గోటితో తడిమి, చిన్న గీత తగిలినా కరిగించేసింది. పెళ్ళికి మినపసున్నుండలు చుట్టేటప్పుడు కూడా ఆమెలో అంత శ్రద్ధ నేను చూడలేదు.

పంది మేం కాపు కాసిన రెండో పూట వచ్చింది. తూర్పు అప్పుడే తెల్లబడుతోంది. అక్క కంద చేను గట్టు మీద కూర్చుంది, నేను ఆమె వెనక. పంది రెల్లులోంచి బయటికొచ్చి మోరతో మట్టి లేపుతూ మా వైపే వస్తోంది. ఎడమ చెవి రెండు పాయలుగా ఊగుతోంది. కొట్టమని అక్క వీపు మీద తట్టాను. కొట్టలేదు. పంది దుంప నమిలే చప్పుడు వినబడింది. మళ్ళీ తట్టాను. దాని ఊపిరి పొగలా కనబడింది. అది తలెత్తి మమ్మల్ని చూసి, ఉరకడానికి ముందుకాళ్ళు కూడదీసుకుంది. అప్పుడు పేల్చింది.

తెల్లటి పొగ మధ్య నాకేమీ కనబడలేదు. పొగ విడేసరికి పంది మోకాళ్ళ మీద కూలి, నోరు మట్టిలో పెట్టి ఉంది. దాని కోర అక్క పాదానికి అందేంత దూరంలో ఉంది. అక్క లేచి దాని చుట్టూ తిరిగి వచ్చింది. మళ్ళీ ఇంకోసారి తిరిగింది. నాకు దాన్ని తన్నాలనిపించి, తన్నాను.

చప్పుడు విని పనివాళ్ళు, పక్క చేలవాళ్ళు వచ్చారు. అధికారులు వచ్చి చూసి, రూలు ప్రకారం ఎవరూ కొయ్యకుండా, తినకుండా అక్కడే పూడ్చమన్నారు. గుంట తవ్వుతున్న ఒకతనికి మనసొప్పలేదు.

"ఇంత మాంసం మట్టిపాలేనా అక్కా? పాడైపోద్ది."

"పాడవ్వాలి," అంది అక్క.

కిరసనాయిలు పోసి, సున్నం చల్లి, మట్టి కప్పేదాకా ఎండలో నిలబడింది. అంతా వెళ్ళిపోయాక, మనసు కుదుటపడిందా అని అడిగాను. ఆమె నాచేత మట్టి దిబ్బ చుట్టూ నాలుగు వైపులా పుల్లలు పాతించింది.

"ఇక్కడ కంద పెట్టొద్దు, అరటి పెట్టొద్దు. దాని ఒళ్ళు కుళ్ళి పెరిగిన పంట మన ఇంట్లో ఎవరి నోట్లోకీ పోకూడదు."

ఇప్పుడు అక్క చేను కౌలుకిచ్చినా ఆ ముక్క వదిలేసే ఇస్తోంది. కొత్త కౌలురైతు మంచి ఒండ్రు నేల దండగవుతోందని నా దగ్గర మొరపెట్టుకున్నాడు, అక్కకు చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. లంకకు వెళ్ళినప్పుడల్లా అక్కడ మొలిచిన గడ్డి కూడా పీకేసి వస్తున్నాను.